అరువు గోలీ

విద్యాసాగర్‌కి అనుమానం జబ్బు కాదు, ఉద్యోగం. దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ గేటు దగ్గర ఆయన టైమ్ కీపర్. ఒకడి కార్డు ఇంకొకడు పంచ్ చేస్తున్నాడేమో, జ్వరమని క్యాంపులో పడుకున్నవాడికి నిజంగానే జ్వరముందో లేదో, సైటు నుంచి బయటికొచ్చే పికప్‌లో ఖాళీ సంచుల కింద ఇంకేమైనా దాగి ఉందేమో, ఇవన్నీ చూడ్డానికే కంపెనీ ఆయనకి జీతమిస్తుంది. పని బాగానే చేస్తాడు. చిక్కల్లా ఏమిటంటే, డ్యూటీ దిగి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని ఇంటికి వచ్చాక కూడా ఆయన ఆ గేటు దగ్గరే నిలబడి ఉంటాడు.

కూరలో ఉప్పు తగ్గితే సౌభాగ్యమ్మ ఏదో మనసులో పెట్టుకుని వండిందని అనుమానం. సెలవురోజని క్రైస్తవులు శుక్రవారమే పెట్టుకునే ప్రార్థనలో ఎవరైనా మరీ గొంతెత్తి పాడితే, వారమంతా ఏం వెలగబెట్టి వచ్చాడోనని అనుమానం. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయిందా, అంతే సంగతులు. "ఎవరే అది? ఎవరికా సైగ?" అని కూతురు గ్లోరియా మీద విరుచుకుపడేవాడు. ఆ పిల్ల బందరులో డిగ్రీ చదివి, కంప్యూటరు కోర్సు చేసి తండ్రి దగ్గరికి వచ్చింది. వచ్చిన కొత్తలో నాన్నా నాన్నా అంటూ వెనకాలే తిరిగేది. తన స్నేహితురాళ్ళు రాసిన ఉత్తరాలు ఆయన ముందుగా చింపి చదువుతున్నాడని తెలిశాక, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాడితో మాట్లాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. అడిగినదానికి జవాబు, అంతే. అది ఆయన గమనించకపోలేదు. లోపల బాధగానే ఉండేది. అయినా మర్నాడు ఫోను మోగితే మళ్ళీ అదే పాట.

అయితే ఇవన్నీ చిల్లర అనుమానాలు. ఆయన ఇరవై నాలుగేళ్ళుగా పెంచి పోషించిన అసలు అనుమానం ఇంకొకటుంది. దాని పేరు రిచర్డ్.

అది తెలియాలంటే రెండు కాలేజీల సంగతి తెలియాలి. బందరులో హార్లీ కాలేజీ, నరసాపురంలో గ్రేవ్స్ కాలేజీ. హార్లీ దొర, గ్రేవ్స్ దొర ఒకే ఓడలో వచ్చిన స్నేహితులట. ఒకరు కృష్ణ ఒడ్డున, ఒకరు గోదావరి ఒడ్డున చెరో కాలేజీ పెట్టారు. ఏటా రెండు కాలేజీలకీ ఫుట్‌బాల్ ఆట ఉండేది. కుర్రాళ్ళు బంతిని వదిలేసి ఒకరినొకరు తన్నుకోవడం చూసి దొరలిద్దరూ ఒక కట్టుబాటు చేశారు. ఎవరి గోలు వాళ్ళు కాసుకోకూడదు. హార్లీ గోల్లో గ్రేవ్స్ కుర్రాడు నిలబడాలి, గ్రేవ్స్ గోల్లో హార్లీ కుర్రాడు. అవతలివాడిని నమ్మి మన ఇంటి తాళం వాడి చేతికివ్వాలన్నమాట. ఆ కుర్రాణ్ణే అరువు గోలీ అనేవారు. వాడు ఎవరి గోలు కాశాడో వాళ్ళ చొక్కా వేసుకోవాలి, ఆట అయ్యాక వాళ్ళతోనే కూర్చుని భోజనం చెయ్యాలి. దొరలు పోయారు, వాళ్ళ బంగళాలు పడిపోయాయి, ఈ కట్టుబాటు మాత్రం చెక్కు చెదరలేదు.

డెబ్బై రెండులో హార్లీ కెప్టెన్ విద్యాసాగర్. వాళ్ళ గోల్లో నిలబడ్డ అరువు గోలీ రిచర్డ్, పాలకొల్లు కుర్రాడు. చినుకులు పడుతున్నాయి. ఆట ఇక ముగుస్తుందనగా బంతి ఒకటి పెద్ద వేగం కూడా లేకుండా దొర్లుకుంటూ వచ్చి, రిచర్డ్ చేతుల్లోంచి జారి, కాళ్ళ మధ్య నుంచి గోల్లోకి వెళ్ళింది. హార్లీ ఓడిపోయింది. కెప్టెన్‌గా విద్యాసాగర్‌కి అదే మొదటి ఆట, అదే చివరిది. ఆ సాయంత్రం గ్రేవ్స్ వాళ్ళ బస్సు దగ్గర రిచర్డ్‌కి ఎవడో సోడా ఇప్పించడం ఆయన కళ్ళారా చూశాడు. ఇంకేం కావాలి? "అమ్ముడుపోయాడు" అన్నాడు. ఆ మాట బందరంతా పాకింది, తర్వాత గోదావరి కూడా దాటింది.

ఖర్మ కాకపోతే ఇద్దరూ దోహాకే రావాలా? రిచర్డ్ ఏసీ మెకానిక్‌గా వచ్చాడు. నెమ్మదైన మనిషి, మాటకి ముందొక "ఆయ్", వెనకొక "అండి" లేకుండా మాట్లాడడు. అల్ హిలాల్‌లో ఒక విల్లాలో శుక్రవారం ప్రార్థనకి వచ్చేవాళ్ళలో రెండు కాలేజీల వాళ్ళూ చాలామందే తేలారు. ఊరుకుంటారా? చలికాలంలో ఒక శుక్రవారం చూసుకుని పాత విద్యార్థుల ఆట మొదలుపెట్టారు. ఇత్తడి కప్పు ఒకటి కొన్నారు. వరసగా మూడేళ్ళు గెలిచినవాళ్ళకి ఆ కప్పు శాశ్వతం. అరువు గోలీ కట్టుబాటు కూడా విమానమెక్కి వచ్చేసింది. గ్రేవ్స్ వాళ్ళు ప్రతిసారీ రిచర్డ్‌నే పంపేవారు. ఎందుకంటే ఆ వయసులో కూడా కింద పడి లేవగలిగిన గోలీ వాళ్ళకి అతనొక్కడే. గడిచిన రెండేళ్ళూ గ్రేవ్సే గెలిచింది. ఈ తొంభై ఆరులో కూడా గెలిస్తే కప్పు ఇక గోదావరిదే.

ఆటకి వారం ముందు, ప్రార్థన అయిపోయి టీలు తాగుతుండగా విల్లా ముంగిట్లో రగడ మొదలైంది.

"ఈసారి మన గోలు మనమే కాసుకుందాం. ఆ పాత కట్టుబాటుకి దణ్ణం పెట్టేద్దాం" అన్నాడు విద్యాసాగర్.

గ్రేవ్స్ కెప్టెన్ రాజ్ కిరణ్ నవ్వాడు. ఒక పెద్ద కంపెనీలో పర్సనెల్ ఆఫీసరు, వయసులో చిన్నవాడు, ఇస్త్రీ మడత నలగనివ్వడు. "అదెట్టాగండి సాగర్ గారూ? అది తీసేస్తే మన ఆటకీ సందులో ఆటకీ తేడా ఏముందండి? రెండేళ్ళ నుంచి మీ ఫార్వర్డులు పొట్టలు మోసుకుంటా నడుస్తున్నారు. దానికి గోలీ ఏం చేస్తాడండి?"

"మా ఫార్వర్డుల సంగతి నీకెందుకయ్యా? మా హార్లీ ఆడుతుంటే కలెక్టరు పని మానుకుని వచ్చి కూర్చునేవాడు, తెలుసా?"

"ఆయ్, కూర్చునేవాడండి. మా వాళ్ళు మీ మీద ఎన్ని కొడతారో లెక్కెట్టడానికి."

గ్రేవ్స్ వాళ్ళు గొల్లున నవ్వారు. హార్లీ ఫార్వర్డు రఫీయుద్దీన్, అచ్చమైన బందరు మనిషి, మసీదు నుంచి తిన్నగా వీళ్ళ టీకి వచ్చినవాడు, కప్పు కింద పెట్టి లేచాడు. "నోరు జాగర్త. అరవై తొమ్మిదిలో మీ గ్రౌండుకొచ్చి మీ మొహాన నాలుగు కొట్టి వెళ్ళాం. మర్చిపోయారేమో!" ఇక చూసుకోండి. ఎప్పుడో చచ్చిపోయిన హాఫ్ బ్యాకులందరూ లేచొచ్చారు. ఎవడి కాలు ఎవడు విరగ్గొట్టాడో, ఏ రిఫరీ ఎవరి ఇంట్లో చేపల పులుసు తిన్నాడో అన్నీ బయటికొచ్చాయి. రిచర్డ్ మాత్రం గోడకి ఆనుకుని తల వంచుకుని బిస్కెట్ టీలో ముంచుకుంటున్నాడు. మాట్లాడడేం? తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు మాట్లాడడు? విద్యాసాగర్ ఆ వంచిన తలని కూడా గుర్తుపెట్టుకున్నాడు.

చివరికి కట్టుబాటుని ఎత్తెయ్యడానికి హార్లీ వాళ్ళు కూడా ఒప్పుకోలేదు. "దొరల నాటిది సాగరన్నా, మనం తీసేస్తే పాపం చుట్టుకుంటుంది" అన్నాడు రఫీయుద్దీన్.

ఇంటికొచ్చి సౌభాగ్యమ్మ దగ్గర పళ్ళు కొరికాడు. ఆవిడ బ్లౌజుకి హుక్కులు కుడుతూ, "మరి వాళ్ళ గోల్లో నిలబడే మనవాడు తిరుపాలు కూడా వదిలాడు కదండీ గోల్స్? అతన్నెవరూ అమ్ముడుపోయాడనలేదే" అంది.

"వాడు చేతకాక వదిలాడు. వీడు చేతనయ్యి వదిలాడు. తేడా తెలీదూ?"

ఆవిడ దారం కొరికి ఇంకో హుక్కు తీసుకుంది.

సోమవారం రాజ్ కిరణ్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. వాళ్ళ ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరు ఉద్యోగం ఖాళీ అయింది, గ్లోరియా ఎప్పుడో ఇచ్చిన అప్లికేషన్ మేనేజరు చూశాడు, రమ్మన్నాడు. వెళ్ళింది. బుధవారానికి ఉద్యోగం ఖాయమైంది. వచ్చే శనివారమే చేరడం. సౌభాగ్యమ్మ మోకాళ్ళ మీద పడి ప్రభువుకి స్తోత్రాలు చెప్పింది. గ్లోరియా మొహం చూడాలి, పెళ్ళికూతురి కళ వచ్చేసింది.

విద్యాసాగర్ గుండెల్లో మాత్రం రాయి పడింది. "ఇన్నాళ్ళు లేనిది, సరిగ్గా ఆట ముందే ఎందుకు పిలిచాడు?"

"ఖాళీ ఇప్పుడొచ్చింది, ఇప్పుడు పిలిచారు. అందులో ఎందుకేంటండీ?"

"నీకు తెలీదు. ఇది ఎర. నా నోరు కట్టెయ్యడానికి వేశాడు." కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. "ఉద్యోగం వదులుకోమని నేననను. కానీ ఆట అయ్యేదాకా ఈ సంగతి గుమ్మం దాటకూడదు. మనవాళ్ళ చెవిన పడిందో, సాగర్ని కొనేశారంటారు. శుక్రవారం మీరిద్దరూ గ్రౌండుకి కూడా రావద్దు."

"తప్పు చేసినట్టు దాచిపెట్టడమెందుకు నాన్నా?" అంది గ్లోరియా. ఆ వారంలో ఆ పిల్ల తనంతట తానుగా తండ్రితో అన్న మాట అదొక్కటే. ఆయన వినిపించుకోలేదు.

గురువారం సగం డ్యూటీ. అల్ ముంతజాలో బూట్లకి లేసులు కొనుక్కుని వస్తున్నాడు. అక్కడొక కఫ్తీరియా అద్దంలోంచి కనపడింది దృశ్యం. రాజ్ కిరణ్, రిచర్డ్, ఎదురెదురుగా. మధ్యలో రెండు కరక్ చాయ్‌లు. రిచర్డ్ ఏదో బతిమాలుతున్నట్టు ముందుకి వంగాడు. రాజ్ కిరణ్ తల అడ్డంగా ఊపి అతని భుజం మీద చెయ్యేశాడు. విద్యాసాగర్ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి ఇద్దరూ మాట ఆపేశారు.

"రండి సాగర్ గారూ, చాయ్ తాగుదురు గాని" అన్నాడు రాజ్ కిరణ్.

"నాకొద్దు" అని వెనక్కి తిరిగి బయటికొచ్చేశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా సందేహమేముంది? అప్పుడు సోడా, ఇప్పుడు చాయ్! దారి పొడుగునా ఒకటే ఆలోచన. రిచర్డ్‌ని మార్చడానికి లేదు. మరి ఏం చెయ్యాలి? గేటు దగ్గర దొంగని పట్టుకోవాలంటే ఏం చేస్తాం? వాడి మీంచి కన్ను తియ్యం. అంతే. తను బ్యాక్ ఆడతాడు కదా, గోలుకి దగ్గర్లోనే ఉంటాడు. రిచర్డ్ చేతులు, కాళ్ళు, కళ్ళు చూస్తూ ఉంటాడు. ఈసారి వాడు వదిలితే అందరిముందు చెయ్యి పట్టుకుని నిలదీస్తాడు. గెలిస్తే కప్పు, ఓడితే రుజువు. ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్రపట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం అల్ హిలాల్‌లో విల్లాల వెనక ఖాళీ జాగాలో జనం చేరారు. చాపలు, ఫ్లాస్కులు, పిల్లల గోల. స్కాఫోల్డింగ్ పైపులు పాతి గోలు స్తంభాలు కట్టింది హన్మాండ్లు. నిజామాబాద్ వైపు మనిషి, విద్యాసాగర్ కంపెనీలోనే లేబరు. కృష్ణ కాదు, గోదావరి కాదు కాబట్టి ఇరుపక్షాలూ కలిసి విజిల్ అతని మెళ్ళో వేశారు.

"సారు, గీ ఆట నాకు మంచిగ రాదు. కబడ్డి అయితె చెప్పుండ్రి, ఎట్లనన్న జూస్త" అని మొత్తుకున్నాడు.

"బంతి లోపలికెళ్తే గోలు. అంతే. ఇంతకీ పొద్దున నీకు టిఫినెవరు పెట్టించారు?" అని ఆరా తీశాడు విద్యాసాగర్.

"మా క్యాంప్ల మేమే వండుకున్నం సారు. మీ ఆంధ్రోల్ల లొల్లిల నా టిఫినేం జేసింది?"

ఆట మొదలైంది. పక్షానికి ఏడుగురు, సగటున ఏడు పొట్టలు. కంకర నేల మీద బంతి ఎటు ఎగురుతుందో ఎవడికీ తెలీదు. అయినా ఆడారు, పాపం, ప్రాణం పెట్టి ఆడారు. మొదట గ్రేవ్స్ వాళ్ళు ఒకటి కొట్టారు. అది స్తంభం లోపలి అంచుకి తగిలి వెళ్ళింది, దేవుడు దిగొచ్చినా ఆపలేడు. విద్యాసాగర్ మాత్రం రిచర్డ్ ఆలస్యంగా దూకాడని రాసుకున్నట్టు మనసులో వేసుకున్నాడు. రెండో సగంలో రఫీయుద్దీన్ ఎగశ్వాసతో పరిగెత్తి పరిగెత్తి తిరుపాలు పక్కనుంచి ఒకటి తోశాడు. చెరొకటి. హార్లీ వైపు ఈలలు, కేకలు.

అక్కణ్ణించి గ్రేవ్స్ వాళ్ళు మీదికొచ్చి పడ్డారు. అప్పుడు చూడాలి రిచర్డ్‌ని! ఒకటి గుండెలకి హత్తుకున్నాడు, ఒకటి పిడికిలితో కొట్టాడు, ఇంకొకదానికి కంకర మీద అడ్డంగా పడి మోచెయ్యి చీరుకుపోయినా పట్టిన బంతిని వదల్లేదు. తన సొంత కాలేజీ వాళ్ళు కొట్టే బంతులే అన్నీ. చాపల మీదున్న హార్లీ ఆడవాళ్ళు "శభాష్ రిచర్డన్నా" అని అరిచారు. రఫీయుద్దీన్ వచ్చి వీపు తట్టాడు.

విద్యాసాగర్‌కి చెమటలు పట్టాయి. నమ్మిస్తున్నాడు! అందరినీ నమ్మించి ఆఖర్న ముంచుతాడు. డెబ్బై రెండులోనూ అంతే కదా, అప్పటిదాకా బాగానే కాశాడు!

గ్రేవ్స్‌కి కార్నర్ దొరికింది. ఇక ఆట ఎంతో లేదు. రాజ్ కిరణ్ బంతిని మూల మీద పెట్టాడు. అందరి కళ్ళూ బంతి మీద. విద్యాసాగర్ ఒక్కడే బంతికి వీపు తిప్పి, గోలుకి నాలుగడుగుల ఇవతల నిలబడి రిచర్డ్ మొహంలోకి చూస్తున్నాడు. ఆ కళ్ళలో దొంగతనం ఎప్పుడు కదులుతుందా అని.

"సాగర్ గారూ, పక్కకి జరగండి. నాకు కనపట్టం లేదండి" అన్నాడు రిచర్డ్.

జరగమంటున్నాడు! ఎందుకు జరగాలి? కాళ్ళు ఇంకాస్త గట్టిగా ఊని నిలబడ్డాడు.

"బాబ్బాబు, వెనక్కి చూడండి! బంతొచ్చేస్తందండి!"

ఇలాంటివి గేటు దగ్గర ఎన్ని చూడలేదు? అటు చూడు సారూ అని చెప్పి ఇటునుంచి జారుకునే రకాలు! ఆయన కళ్ళు తిప్పలేదు. మరుక్షణం మెడ వెనక పిడుగు పడ్డట్టయింది. బంతి ఆయన మెడకి తగిలి, దిశ మారి, అటువైపు దూకేసిన రిచర్డ్‌కి అందకుండా ఇటునుంచి గోల్లోకి వెళ్ళిపోయింది.

హన్మాండ్లు విజిల్ ఊదాడు. "గోల్ వడ్డది! నా కండ్లతోటి జూసిన!"

ఆట అయిపోయింది. కప్పు గోదావరికి పోయింది. విద్యాసాగర్ మెడ పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. హార్లీ వాళ్ళు చుట్టూ చేరారు, తిట్టుకుంటూనే. రఫీయుద్దీన్ చెయ్యందించి లేపాడు కూడా. "అదేం నిలబడ్డం సాగరన్నా? బంతికి వీపు చూపించే బ్యాకుని ఎక్కడా చూళ్ళేదు. పోనీలే, లే."

అక్కడితో పోయేదే. కానీ రాజ్ కిరణ్ కప్పు చంకలో పెట్టుకుని వచ్చి, మంచి మనసుతోనే, ఓదార్పుగా అన్నాడు: "ఆట ఆటేనండి సాగర్ గారూ, మనసులో ఎట్టుకోకండి. గ్లోరియాని రేపు పొద్దున్నే ఆఫీసుకి పంపించండి. అన్నీ నేను దగ్గరుండి చూసుకుంటాను."

రఫీయుద్దీన్ పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

"ఏ ఆఫీసు?" అన్నాడు.

"మా ఆఫీసేనండి. బుధవారమే ఖాయమయింది. సాగర్ గారు చెప్పలేదా?"

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. హార్లీ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బంతికి వీపు తిప్పి నిలబడటం, గోలీకి అడ్డం రావడం, ఇంట్లో ఆడవాళ్ళని తీసుకురాకపోవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయినట్టు తలలూపారు. "నాకు తెలీదయ్యా, అది వేరు, ఇది వేరు" అని విద్యాసాగర్ గొంతు చించుకున్నాడు. మాట తడబడింది. తడబడినకొద్దీ వాళ్ళకి నమ్మకం గట్టిపడింది. తను గేటు దగ్గర ఎంతమంది తడబాటుని చూసి దొంగలని తేల్చాడో ఆయనకి బాగా తెలుసు.

"మాకొక్క మాట చెప్పుంటే మేమే వదిలేసేవాళ్ళం కదన్నా, నీ కూతురి కోసం" అన్నాడు రఫీయుద్దీన్. తిట్టినా బాగుండేది.

విల్లా ముంగిట్లో పెద్ద పెద్ద తబుకుల్లో మటన్ బిర్యానీ వచ్చింది. ఒక్కో తబుకు చుట్టూ అయిదారుగురు కూర్చునే పద్ధతి. విద్యాసాగర్ కూర్చున్న తబుకు దగ్గరికి హార్లీ వాళ్ళు ఎవరూ రాలేదు. కట్టుబాటు ప్రకారం అరువు గోలీ వచ్చాడు. మోచేతికి గుడ్డ కట్టుకుని, హార్లీ చొక్కాతోనే, ఎదురుగా కూర్చున్నాడు.

తబుకులో మటన్ ముక్కలు విద్యాసాగర్ వైపుకి జరిపాడు.

"నిన్న కఫ్తీరియాలో ఏం బతిమాలావు వాణ్ణి?" అన్నాడు విద్యాసాగర్.

"ఈ ఏడు నన్నొదిలెయ్యమన్నానండి. ఇంకెవర్నైనా పంపమన్నాను. మీరు నా మొహం చూసి ఆడలేకపోతన్నారని తెలుసు కదండి. ఆయనొప్పుకోలేదు."

విద్యాసాగర్ అన్నం కెలికాడు. "మరి డెబ్బై రెండులో?"

"తడి బంతండి. జారిపోయింది. ఆయ్, అంతేనండి." రిచర్డ్ మోచేతి గుడ్డ సర్దుకున్నాడు. "ఇన్నేళ్ళలో ఈ ముక్క మీరు నన్నడగడం ఇదే మొదలండి. ఊరంతా అడిగారు, మా మావగారు కూడా పెళ్ళికి ముందు అడిగారు. మీరే అడగలేదు."

"సోడా ఎవరిప్పించారు?"

"ఏ సోడా అండి?"

నిజంగానే గుర్తులేదో, నటిస్తున్నాడో! ఇంత జరిగాక కూడా, దేవుడా, తన కళ్ళు అతని మొహంలో అబద్ధం కోసం వెతుకుతున్నాయని విద్యాసాగర్‌కి తెలిసింది. తనమీద తనకే అసహ్యం వేసింది. కళ్ళు దించుకున్నాడు.

"రిచర్డూ, నేను కావాలని చెయ్యలేదయ్యా."

"నాకు తెలుసండి. మీరు బంతిని చూస్తే కదండి, కావాలని చెయ్యడానికి? మీరు నన్నే చూస్తన్నారు. నేను మిమ్మల్ని చూస్తన్నాను."

విద్యాసాగర్ ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ మాట వాళ్ళతో చెప్పవయ్యా! రఫీతో చెప్పు, అందరితో చెప్పు! చూసినవాడివి నువ్వొక్కడివే!"

రిచర్డ్ హార్లీ వాళ్ళ తబుకుల వైపు చూసి తల తిప్పుకున్నాడు. "చెప్తానండి. కానీ నా మాట వాళ్ళు నమ్మరు కదండి. నమ్మకుండా చేసింది తమరే." కోపం లేదు ఆ మాటలో. లేచి నిజంగానే రఫీయుద్దీన్ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. రఫీయుద్దీన్ విని, నవ్వి, పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. వాళ్ళిద్దరూ కలిసి ఇటు చూసిన చూపుకి విద్యాసాగర్ ఎత్తిన ముద్ద తబుకులోనే వదిలి లేచాడు.

పొద్దుగూకి, మసీదు నుంచి మగ్రిబ్ బాంగు వినపడుతుండగా ఇంటికొచ్చాడు. కబురు ఫోనులో ఆయనకన్నా ముందే వచ్చేసింది. ఇక సౌభాగ్యమ్మ కూడా దులిపేస్తుందని గుమ్మంలోనే తల వంచుకున్నాడు. ఆవిడ ఎదురొచ్చింది. కుర్చీ లాగి కూర్చోబెట్టింది. వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి పిండి, మెడ మీద మెల్లిగా అద్దింది. పెళ్ళైన కొత్తలో తప్ప ఆవిడ చెయ్యి అంత మెత్తగా ఆయనకి తగల్లేదు.

"గట్టిగా తగిలిందా అండీ?"

"ఊఁ."

"ఏనాడూ పిల్లతో ఒక్క మంచి మాటన్న పాపాన పోలేదు మీరు. కడుపులో ఇంత పెట్టుకున్నారని నాకేం తెలుసు?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ ఆటంటే మీకు ప్రాణమని నాకు తెలీదూ? అమ్ముడుపోయాడన్న మాటంటే మీకెంత మంటో తెలీదూ? పిల్ల కోసం ఆ మాట కూడా పడ్డారు."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక ఉలిక్కిపడి లేవబోయాడు. "ఛీ ఛీ! సౌభాగ్యం, ఒట్టు, నేను కావాలని చెయ్యలేదే! బంతొచ్చి తగిలింది!"

"అలాగేనండి" అంది ఆవిడ, భుజం నొక్కి కూర్చోబెడుతూ. "ఎవరడిగినా అలాగే చెప్పండి."

"అది కాదే, నా మాట విను..."

గ్లోరియా లోపలి గదిలోంచి వచ్చింది. రేపటికి ఇస్త్రీ చేసుకుంటున్న చుడీదారు చేతిలోనే ఉంది. తండ్రి ముందు నేల మీద కూర్చుంది. ఆ పిల్ల కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రగా ఉన్నాయి.

"అందరిముందూ మాట పడ్డారటగా నాన్నా, నా కోసం" అంది, ఆయన మోకాలి మీద చెయ్యేసి.

ఆ పిల్ల ఆయన్ని తాకి ఎన్నాళ్ళయిందో. కాదమ్మా, ఉత్తదే, నేను రిచర్డ్‌ని అనుమానిస్తూ నిలబడ్డాను, అంతే అని చెప్పడానికి నోరు తెరిచాడు. చెబితే ఈ చెయ్యి తీసేస్తుంది. చెప్పకపోతే ఈ దోహాలో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత బందరులోనూ తను అమ్ముడుపోయిన సాగరే. ఏడుపు ముంచుకొచ్చింది. కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఇంకో గుడ్డ తేవే. ఇది చల్లారిపోయింది" అన్నాడు భార్యతో.